చేతులు లెక్కపెట్టాం, మాటలు వినలేదు

మేడ్చల్, శామీర్‌పేటల మధ్యనున్న ఒక పల్లె సంఘంలో మేము పరిచర్య చేస్తున్న రోజులవి. తాతల కాలంలో విశ్వాసులు తలమీద రాళ్లు మోసి కట్టుకున్న చిన్న పెంకుల మందిరం అది. ఊళ్లోని పాత కుటుంబాలకు చాలినంతగానే ఉండేది. కాని ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. మేడ్చల్ పారిశ్రామికవాడలోనూ, తుర్కపల్లి వైపు మందుల కంపెనీల్లోనూ పనిచేసే కుటుంబాలు చుట్టూ వెలసిన కాలనీల్లో స్థిరపడ్డాయి. వారిలోని విశ్వాసులు మా మందిరానికి రాసాగారు. ఆదివారం వస్తే సగంమంది ఆవరణలోని వేపచెట్టు కింద నిలబడాల్సి వచ్చేది. కొత్త మందిరం కట్టాలన్న ఆలోచన అలా మొదలైంది.

ప్లాను గీయించాం. కింద వాహనాలు నిలిపే స్థలం, పైన విశాలమైన ఆరాధన స్థలం. ఇంటికి ఇంత చొప్పున చందా. ఇచ్చినవారి పేర్లు శిలాఫలకం మీద. కమిటీ ఆమోదించింది. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక సంఘమంతటినీ కూర్చోబెట్టి, పావుగంటలో ప్లాను వివరించి, 'ఒప్పుకునేవారు చేతులెత్తండి' అన్నాం. మూడింట రెండు వంతుల చేతులు లేచాయి. 'వద్దనేవారు?' అంటే నాలుగైదు చేతులు సగం దాకా లేచి దిగిపోయాయి. 'ఇది దేవుని చిత్తం' అని ప్రకటించి, ఆశీర్వాదం పలికి సభ ముగించాం. ఇంత పెద్ద విషయం ఒక్క గొడవ లేకుండా తేలిపోయిందని ఆ రాత్రి ఎంతో సంతోషించాం కూడా.

తర్వాతి ఆదివారాల్లో చాపల మీద కూర్చునే స్త్రీల వరుసలు పలచబడ్డాయి. వరికోతల కాలం కదా అనుకున్నాం. కోతలు అయిపోయాయి, వరుసలు మాత్రం నిండలేదు. ఆ సంఘంలో ఒక అవ్వ ఉండేది. ప్రభువు బల్ల మీద పరిచే తెల్లబట్టను ఏళ్ల తరబడి ఆమే ఉతికి, మడతలు పెట్టి, తన చేత్తో తెచ్చి పరిచేది. ఆ నెల సంస్కారపు ఆదివారం ఆ బట్టను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మనవడి చేత పంపింది. ఆమె రాలేదు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాం. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. చివరికి అన్నది: "అయ్యగారూ, ఆ దినం మీరు మా చేతులు లెక్కవెట్టిన్రు. నోరు తెరిచి చెప్పుమని ఒక్కలను గూడ అడుగలే. కొత్త గుడి వద్దని నేనన్ననా? కింద బండ్లు పెడ్తరట, పైన ఆరాధనట. నా మోకాళ్లకు ఆ మెట్లు ఎక్కొస్తయా? ఇంటికి ఇంత అని రాసిన్రు. ఇచ్చినోళ్ల పేర్లు రాయి మీద చెక్కుతరట. ఇయ్యలేనోళ్ల పేర్లు ఏడ ఉంటయి? మా నాయిన మోసిన రాళ్ల మీద ఎవ్వరి పేరుండె అయ్యగారూ?"

మా దగ్గర జవాబు లేదు. వేదాంత కళాశాలలో ఏళ్ల తరబడి చదివాం. సంఘ పరిపాలన మీద పరీక్షలూ రాశాం. కాని ఒక నిర్ణయాన్ని గెలవడం వేరు, ఒక సంఘాన్ని కలిపి నడిపించడం వేరు అన్న సంగతి ఆ అవ్వ గుమ్మంలో కూర్చున్నప్పుడే అర్థమైంది.

ఏకగ్రీవం వేరు, ఏకాభిప్రాయం వేరు

మన భాషలో ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. 'గ్రీవం' అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే మెడ అన్నట్టు. పైకి తలలన్నీ ఒకేసారి ఊగితే చాలు, లోపల ఏముందో అడిగే పనిలేదు. ఏకాభిప్రాయంలో అభిప్రాయం అనే మాట ఉంది. అభిప్రాయం తెలియాలంటే దాన్ని చెప్పనివ్వాలి, కూర్చుని వినాలి.

మన పల్లెల్లో సర్పంచి ఎన్నికలను చూసినవారికి ఈ తేడా బాగా తెలుసు. 2019 జనవరిలో తెలంగాణ గ్రామ పంచాయతీ ఎన్నికలప్పుడు, ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షల రూపాయల ప్రోత్సాహకాన్ని ప్రభుత్వం ప్రకటించింది. 2021 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనాభాను బట్టి 5 లక్షల నుండి 20 లక్షల దాకా ప్రకటించింది. ఊళ్లో కక్షలు రేగకూడదన్న ఉద్దేశం మంచిదే. నిజంగానే అందరూ కూర్చుని మాట్లాడుకుని మంచి మనిషిని ఎన్నుకున్న ఊళ్లూ ఉన్నాయి. అయితే కొన్నిచోట్ల పదవిని వేలం పాడారనీ, ఎక్కువ పాడినవారికే ఊరు 'ఏకగ్రీవం' అయిందనీ పత్రికల్లో చదివాం. అక్కడ మెడలు వంగాయి గాని మనసులు కలవలేదు.

బైబిలులో ఇటువంటి ఏకగ్రీవం ఒకటుంది. ఆహాబు రాజు యుద్ధానికి వెళ్లాలా వద్దా అని అడిగితే దాదాపు 400 మంది ప్రవక్తలు ఒకే గొంతుతో వెళ్లమన్నారు. మీకాయాను పిలవడానికి వెళ్లిన దూత దారిలోనే సలహా ఇచ్చాడు: అందరూ అనుకూలంగా చెప్పారు, నువ్వూ అలాగే చెప్పు అని (1 రాజులు 22:13). నలుగురితో పాటు నారాయణా అనమన్నట్టు! మీకాయా ఒప్పుకోలేదు. చెంపదెబ్బ తిన్నాడు, చెరసాలకు వెళ్లాడు. రాజు యుద్ధం నుండి శవమై తిరిగొచ్చాడు. అననీయ, సప్పీరాలు కూడా ఏకమనస్సుతోనే పరిశుద్ధాత్మను మోసగించబూనారు (అపొ.కా. 5:9). కాబట్టి అందరూ ఒక్కటైనంత మాత్రాన ఆ నిర్ణయం దేవునిదైపోదు.

ఓడ మీద ఒకటి, యెరూషలేములో ఒకటి

అపొస్తలుల కార్యాల గ్రంథంలో రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది క్రేతు ద్వీపంలో, మంచిరేవులనే చోట. చలికాలం ముంచుకొస్తోంది, ఇప్పుడు ప్రయాణం ప్రమాదమని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి ఓడ నాయకుడినీ, యజమానినీ నమ్మాడు. అక్కడినుండి కదలాలన్నదే ఎక్కువమంది ఆలోచన (అపొ.కా. 27:11,12). ఖైదీ మాటకు అక్కడ విలువేముంటుంది? చివరికి దేవుని కృపవల్ల 276 మంది ప్రాణాలూ దక్కాయి గాని, ఓడా, సరుకూ సముద్రం పాలయ్యాయి.

రెండోది యెరూషలేములో. అన్యజనుల్లోనుండి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందాలా, మోషే ధర్మశాస్త్రాన్ని పాటించాలా అన్నది ప్రశ్న. సంఘం రెండుగా చీలిపోవాల్సినంత పెద్ద విషయం. అక్కడ ఎవరూ చేతులెత్తించలేదు. ముందు చాలా తర్కం జరిగింది, దాన్ని ఎవరూ ఆపలేదు. తర్వాత పేతురు తన అనుభవం చెప్పాడు. బర్నబా, పౌలు అన్యజనుల మధ్య దేవుడు చేసిన కార్యాలను వివరిస్తుంటే అందరూ ఊరకుండి విన్నారు. అప్పుడు యాకోబు లేఖనాన్ని జ్ఞాపకం చేసి, విన్న మాటలన్నిటినీ ఒకచోట చేర్చి ఒక మార్గం సూచించాడు. ఆ మార్గంలో అన్యజనులకు మోయలేని భారం లేదు, యూదులకు అభ్యంతరమైన వాటిని మానుకొమ్మన్న మాటా ఉంది. ఇది పరిశుద్ధాత్మకూ తమకూ తగినట్టు తోచిందని వారు ధైర్యంగా రాయగలిగారు (అపొ.కా. 15:28). మేము పావుగంటలో 'దేవుని చిత్తం' అన్నాం. వారు ఎంతో తర్కించి, ఎంతో విని, ఆ తర్వాత అన్నారు.

అంతకుముందే ఆరవ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు దాన్ని తిరుగుబాటుగా చూడలేదు. శిష్యులందరినీ పిలిచి, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే! సణిగినవారి వైపునుండే పరిచారకులు లేచారు. మా అవ్వ సణుగును మేము ముందే విని ఉంటే ఎంత బాగుండేదో!

డోర్నకల్ నుండి మద్రాసు దాకా

ఇవి అపొస్తలుల కాలం ముచ్చట్లు, ఈ రోజుల్లో కుదురుతాయా అని కొందరు అంటారు. కుదురుతాయనడానికి సాక్ష్యం మన తెలుగునేలలోనే ఉంది.

తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య, 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చారు. తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పుగా కలకత్తాలో అభిషేకం పొందారు. ఆ రోజుల్లో మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు, మచిలీపట్నం, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, కడప, గుత్తి వైపు లండన్ మిషన్ వారు పనిచేసేవారు. ఒకే ప్రభువును నమ్మిన మాల మాదిగ పల్లెల విశ్వాసులు, తమ తాతలెన్నడూ ఎరుగని ఇంగ్లండు తగాదాల వల్ల వేర్వేరు సంఘాలవారయ్యారు. పని వెతుక్కుంటూ ఒక జిల్లా నుండి ఇంకో జిల్లాకు వెళ్తే ప్రభువు బల్ల దగ్గర పరాయివారయ్యేవారు.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సంఘ సేవకులు కూడారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. అజరయ్య గారు వారిలో ముఖ్యులు. ఐక్యత కావాలని అక్కడ ఒక ప్రకటన చేశారు. 1920లో సంయుక్త కమిటీ చర్చలు మొదలుపెట్టింది. ఐక్యత ఎప్పుడు వచ్చింది? 1947 సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో. అంటే 28 ఏళ్లు!

ఎందుకంత ఆలస్యం? బిషప్పుల విషయం దగ్గర చిక్కు పడింది. బిషప్పు చేతులుంచితేనే అభిషేకం చెల్లుతుందని ఒకరు, బిషప్పుల అధికారం నుండి బయటపడిన చరిత్ర మాది అని ఒకరు. ఓటు పెట్టి ఎక్కువమంది మాటే చెల్లించి ఉంటే ఏనాడో తేలిపోయేది, ఆ మరునాడే చీలిపోయేది కూడా. వారు మరో దారి వెతికారు. ఐక్య సంఘంలో బిషప్పులు ఉంటారు, ఇకముందు అభిషేకాలు వారే చేస్తారు. అయితే అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లెవరినీ మళ్లీ అభిషేకం పొందమని అడగరు. అందరూ కలిసి ఎదగడానికి 30 ఏళ్ల గడువు. వీటన్నిటికీ తోడు ఒక ప్రతిజ్ఞ చేసుకున్నారు. అధికారుల బలంతో గాని, ఎక్కువమంది బలంతో గాని ఎవరి మనస్సాక్షినీ తొక్కకుండా జాగ్రత్తపడతామన్నది దాని సారాంశం. ఏ సంఘం మీదా, ఆ సంఘపు మనస్సాక్షి ఒప్పుకోని ఆరాధన పద్ధతిని గాని, పరిచర్యను గాని రుద్దబోమని మాటిచ్చుకున్నారు. ఈ ప్రతిజ్ఞ మా ఆవరణలో చేతులెత్తించిన ఆ ఆదివారం మాకెందుకు గుర్తుకు రాలేదో!

అజరయ్య గారు ఆ దినాన్ని చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. ఎవరో కోసుకునే పంటకు విత్తనాలు చల్లి వెళ్లారు. ఇంకో నిజమూ చెప్పుకోవాలి. అన్నేళ్లు మాట్లాడినా అందరూ రాలేదు. బాప్టిస్టులు, లూథరన్లు వేరుగానే ఉన్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలా భాగం 1947లో చేరడానికి ఒప్పుకోలేదు. చాలా ఏళ్ల తర్వాతే ఆ గాయం మాని, దక్షిణ ఇండియా సంఘంలో నంద్యాల కూడా ఒక అధ్యక్ష మండలమైంది. ఏకాభిప్రాయాన్ని తొందరపెట్టలేం, బలవంతపెట్టలేం అని ఆ చరిత్ర మనకు నేర్పుతోంది.

నారింజ కార్డు, నీలం కార్డు

ఇటీవలి కాలంలో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కూడా ఈ దారికే వచ్చింది. ప్రతి విషయానికీ ఓటు పెడితే తాము ఎప్పుడూ తక్కువ సంఖ్యలోనే మిగిలిపోతున్నామని ఆర్థడాక్సు సంఘాలు బాధపడ్డాయి. 1998లో హరారేలో జరిగిన మహాసభ తర్వాత దీనిమీద ఒక ప్రత్యేక సంఘం పనిచేసింది. 2006లో బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రిలో జరిగిన మహాసభలో తొలిసారి ఏకాభిప్రాయ పద్ధతిని పాటించారు. ప్రతినిధుల చేతుల్లో రెండు కార్డులుంటాయి. చెప్పే మాట నచ్చితే నారింజ రంగు కార్డు, మనసుకు పట్టకపోతే నీలం కార్డు చూపిస్తారు. నీలం కార్డు కనిపిస్తే అధ్యక్షులు ఆగి, మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి అని అడగవచ్చు. అంతా విన్నాక కూడా ఒకరిద్దరికి నచ్చకపోతే, సభ ముందుకు వెళ్లడానికి వారు ఒప్పుకుని, తమ అభ్యంతరాన్ని రాయించుకోవచ్చు. ఎన్నికలు, నియమావళి సవరణల వంటి వాటికి మాత్రం ఓటు ఉంచుకున్నారు. స్నేహితుల సంఘమని పిలిచే క్వేకర్లయితే 17వ శతాబ్దం నుండే ఓటు లేకుండా సంఘ కార్యాలు నడుపుకుంటున్నారు. మౌనంగా దేవుని సన్నిధిలో కూర్చుంటారు, ఒక్కొక్కరు మాట్లాడతారు, సభ మనసు ఎటు మొగ్గిందో ఒకరు రాసి అక్కడే చదివి వినిపిస్తారు.

మేము మళ్లీ మొదలుపెట్టాం

అవ్వ ఇంటినుండి వచ్చి, కమిటీని పిలిచి, ఆ తీర్మానాన్ని పక్కన పెడదామన్నాం. ఇంజనీరుగా పనిచేసే ఒక పెద్ద కోపగించుకున్నారు. "పద్ధతి ప్రకారం ఓటయ్యాక మళ్లీ చర్చ ఏమిటండీ? ఒప్పుకున్నవాళ్ల మాటకు విలువ లేదా?" అన్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. తప్పు ఆయనది కాదు, మాది. సంఘం ముందు నిలబడి ఆ మాటే ఒప్పుకున్నాం.

ఆ తర్వాత వాడవాడకూ ఇంటి ప్రార్థన కూడికలు పెట్టాం. ప్రతి కూడికలో మూడే ప్రశ్నలు. కొత్త మందిరం మీకెందుకు కావాలి? ఈ ప్లానులో మీకు ఇబ్బంది ఏది? మీకు తప్పనిసరిగా ఉండాల్సింది ఏది? ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరైనా అభ్యంతరం చెప్తే వెంటనే జవాబివ్వకూడదు. ముందు వారి మాటను మన మాటల్లో తిరిగి చెప్పి, 'మీరన్నది ఇదేనా?' అని అడగాలి. అవునన్నాకే జవాబు. స్త్రీలు, కూలిపని చేసేవారు ముందు మాట్లాడాలి, కమిటీవారు చివర. పాస్టరు అందరికంటే చివర. అన్నిటికన్నా కష్టమైంది మాకు ఆ చివరి నియమమే!

దాదాపు ఏడాది పట్టింది. ఆలోగా ఇనుము, సిమెంటు ధరలు పెరిగాయి. మేస్త్రీకి ఇచ్చిన బయానా పోయింది. రెండు కుటుంబాలు విసుగొచ్చి వేరే సంఘానికి వెళ్లాయి. ఏకాభిప్రాయం ఖర్చు లేనిదని చెప్తే అబద్ధమాడినట్టే. చివరికి నేలమీదే ఆరాధన మందిరం, వాహనాలకు వెనకవైపు జాగా అని తేలింది. కొంచెం చిన్నదైంది, కాని మెట్లు లేవు. చందాకు లెక్క లేదు, మూసిన పెట్టె ఉంది. శిలాఫలకం మీద ఎవరి పేర్లూ లేవు. పాత మందిరపు రాళ్లను కొత్త మందిరం ముఖగోడలో కట్టారు. ఇంజనీరు గారు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. పదేళ్లకు మళ్లీ ఇరుకవుతుందన్నారు. అయినా ఆయన అన్న మాట మరువలేం. "నాకు నచ్చలేదు, కాని నా మాట పూర్తిగా విన్నారు. అడ్డు రాను." అడ్డు రాకపోవడమే కాదు, స్లాబు వేశాక ప్రతి ఉదయం డ్యూటీకి వెళ్లేముందు వచ్చి నీళ్లు పట్టిందీ ఆయనే. ఆయన అభ్యంతరం మినిట్స్ పుస్తకంలో రాసి ఉంది. పదేళ్ల తర్వాత ఆయనదే నిజమని తేలవచ్చు కూడా.

జాగ్రత్తలు కొన్ని

ఏకాభిప్రాయం పేరుతో మోసాలూ జరుగుతాయి. ఒక్కరే మొండికేసి సంఘమంతటినీ బందీగా పట్టుకోవచ్చు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ అభ్యంతరం సంఘ క్షేమం కోసమా, స్వంత గౌరవం కోసమా? అలాగే పెద్దవారి ముఖం చూసి నోరు మెదపనివారుంటారు. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. అర్ధమే, పూర్తి అంగీకారం కాదు. మిగతా సగం ఏమిటో వెళ్లి అడగాలి. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఏకాభిప్రాయం కోసం కూర్చోనక్కరలేదు. లెక్కల్లో దొంగతనం జరిగితే, బిడ్డలకు హాని జరిగితే అక్కడ కావాల్సింది చర్య. దేవుని వాక్యం స్పష్టంగా తేల్చిన పాపాన్ని కూడికలు పెట్టి పుణ్యంగా మార్చలేం.

కొన్ని తగాదాలు తెగవు కూడా. యెరూషలేములో అంత చక్కగా సంధి కుదిరిన ఆ పదిహేనవ అధ్యాయం చివర్లోనే పౌలు, బర్నబాలు మార్కు విషయంలో తీవ్రంగా వాదించుకుని చెరొక దారి పట్టారు. లేఖనం దాన్ని దాచలేదు. కాని కథ అక్కడితో ఆగలేదు. పౌలు తన చివరి దినాల్లో, మార్కు నాకు పరిచర్యలో పనికొస్తాడు, అతన్ని తీసుకురమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11). ఈరోజు ఒప్పుకోనివారిని శత్రువులుగా ముద్రవేయకపోతే రేపటికి తలుపు తెరిచే ఉంటుంది.

చేతులెత్తించడం తప్పని మేము అనడం లేదు. ఎత్తని చేతి వెనక ఉన్న మాటను వినకుండా లెక్క ముగించడమే తప్పు. అపొస్తలుడైన పౌలు శరీరాన్ని ఉదాహరణగా తీసుకుని, బలహీనంగా కనిపించే అవయవాలే మరి అవసరమైనవని అన్నాడు (1 కొరింథీ 12:22). ప్రియ విశ్వాసులారా! మీ సంఘ కమిటీలో, యువజన కూడికలో, స్త్రీల సహవాసంలో, ఆఖరికి మీ ఇంట్లో, ఈసారి ఒక నిర్ణయం తీసుకునేటప్పుడు ఇంకా నోరు విప్పనివారెవరో ఒక్కసారి చుట్టూ చూడండి. వారి దగ్గరకు వెళ్లి కూర్చోండి. దేవుడు మీతో చెప్పదలచిన మాట వారి దగ్గరే ఉండిపోయిందేమో!

కొత్త మందిరంలో తొలి సంస్కారపు ఆదివారం మేము కాస్త ముందుగానే వెళ్లాం. బల్ల మీద తెల్లబట్ట అప్పటికే పరిచి ఉంది. అవ్వ మొదటి వరుసలో, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. మెట్లెక్కే పని లేకుండా, తన కాళ్ల మీద తానే నడిచి వచ్చింది.